మొక్కల దీపము – ప్రాణరక్షణము

మొక్కకు వెలుగే ఆధారము. వేళ్లు నేలనుండి నీటిని, లవణములను పీల్చును. ఆకులు గాలినుండి బొగ్గుపులుసు వాయువును గ్రహించును. ఈ రెంటిని కలిపి చక్కెరగా వండుటకు కావలసిన శక్తి మాత్రము వెలుగునుండియే రావలెను. ఆ వంట చేయునది ఆకులలోని పత్రహరితము. తెల్లని వెలుగులో అనేక వర్ణములున్నను పత్రహరితము ముఖ్యముగా ఎరుపును, నీలమును గ్రహించును. ఆకుపచ్చ వెలుగును తక్కిన రంగులకంటె ఎక్కువగా వెనుకకు పంపును. ఆకులు కంటికి పచ్చగా కనబడుటకు ఇదియే కారణము.

నగరములలో ఎండ చొరని ఇండ్లు అనేకములు గలవు. ఎత్తైన మేడల నడుమ నున్న ఇరుకు వసారాలలో టమాట నారు పోసినచో, అది వెలుగును వెదకుచు సన్నని తీగవలె పొడవుగా సాగి, పాలిపోయి, తుదకు వాలిపోవును. ఇట్టిచోట్ల మొక్కలను పెంచగోరువారు కృత్రిమమైన వెలుగు నాశ్రయింతురు. ఆ వెలుగు నిచ్చుటకు నేడు ఎక్కువగా వాడబడునది ఎల్.ఇ.డి. దీపము.

ఈ దీపము ఒక్కనాట పుట్టినది కాదు. 1962లో అమెరికా దేశమున నిక్ హోలోన్యాక్ అను శాస్త్రజ్ఞుడు కంటికి కనబడు ఎర్రని వెలుగు నిచ్చు ఎల్.ఇ.డి.ని నిర్మించెను. ప్రకాశవంతమైన నీలి వెలుగు నిచ్చుదానిని సాధించుటకు మఱి ముప్పది సంవత్సరములు పట్టెను. ఆ పని నెరవేర్చిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమురా అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. ఎరుపు, నీలము రెండును చేతికి వచ్చుటతో మొక్కకు కావలసిన వెలుగును కోరినట్లు కూర్చుట సాధ్యమయ్యెను. భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రములో 2014లో ఇట్టి దీపముల క్రింద లెట్యూస్ అను ఆకుకూరను పెంచిరి. 2015 ఆగస్టు మాసమున అట్లు పెరిగిన ఆకులను వ్యోమగాములు అక్కడనే భుజించిరి.

నేడు ఈ దీపమునకు కావలసిన భాగములన్నియు అంగళ్లలో దొరకుచున్నవి. అల్యూమినియపు రేకు, దానిపై అమర్చిన ఎల్.ఇ.డి.లు, విద్యుత్తు నందించు డ్రైవరు, కొన్ని తీగలు ఉన్నచో చాలును. విజ్ఞాన ప్రదర్శనము కొరకు విద్యార్థులును, సరదా కొరకు పెద్దలును వీనిని తామే కట్టుకొనుచున్నారు. పని సులభమే. కాని ఈ సులభమైన పనిలో ప్రాణమునకే ముప్పు దాగియున్నది.

సామాన్య దీపము ఇంటికప్పున వ్రేలాడును. దానిని ఎవరును తాకరు. మొక్కల దీపము అట్టిది కాదు. అది ఆకులకు జానెడో మూరెడో ఎత్తున నుండును. దాని చుట్టును తడిమన్ను, నీటి పళ్లెములు, ఇనుప చట్రములు ఉండును. మొక్క ఎదిగిన కొలది దానిని పైకి జరుపవలసి యుండును. నీరు పోసిన చేయియే దానిని తాకును. అదియును గాక, అది దినమునకు 12 గంటలు మొదలు 16 గంటల వరకు వెలుగుచు, ఇంటివారు నిద్రించునప్పుడును, ఇంట ఎవరును లేనప్పుడును పనిచేయుచుండును. విద్యుత్తు, నీరు, లోహము, తడిచేయి అను నాలుగును ఒకచోట కూడుటయే ఇందలి ప్రమాదము.

విద్యుత్తు శరీరమునకు ఎట్లు హాని చేయునో ముందుగా తెలిసికొనవలెను. ఇటలీ దేశమున బొలోన్యా నగరవాసియైన లూయీజీ గాల్వానీ అను వైద్యుడు చచ్చిన కప్పల కాళ్లపై అనేక పరీక్షలు చేసి, వాటి ఫలితములను 1791లో ప్రకటించెను. కాలి నరమునకు విద్యుత్తు సోకినప్పుడు ఆ కాలు బ్రతికియున్నట్లే ముడుచుకొని తన్నుకొనెను. నరములు కండరములకు పంపు ఆజ్ఞలు విద్యుత్తుతో కూడినవని పిమ్మట శాస్త్రజ్ఞులు గ్రహించిరి. కావున బయటి విద్యుత్తు శరీరమున ప్రవేశించినచో కండరములు మెదడు మాట వినక ఆ విద్యుత్తు మాటయే వినును. అరచేతితో తీగను పట్టినవాని పిడికిలి తనంతట బిగిసికొనును. విడువవలెనని అతడెంత కోరినను చేయి విడువదు. “కరెంటు పట్టివేసినది” అని జనులు చెప్పుట ఇందువలననే. నిజమునకు తీగ మనిషిని పట్టదు. మనిషి చేయియే తీగను విడువజాలదు.

హాని యెంత యనునది శరీరము గుండ పారు ప్రవాహమును, అది పారిన కాలమును బట్టి యుండును. ఆంపియరులో వేయవ భాగమునకు మిల్లీ ఆంపియరని పేరు. ఇంటి విద్యుత్తులో 1 మిల్లీ ఆంపియరు పారినచో చేయి జివ్వుమనును. సుమారు 10 మిల్లీ ఆంపియర్లు పారినచో పలువురకు పట్టు విడువ శక్యము కాదు. 30 దాటినచో ఊపిరి తీయుట కష్టమగును. 50 మొదలు 100 వరకు గల ప్రవాహము కొలది క్షణములు గుండె గుండ పారినచో, గుండె తన లయ తప్పి, రక్తమును తోడుట మాని, ఊరక వణకజొచ్చును. వెంటనే చికిత్స జరుగనిచో మరణము తప్పదు. చిన్నదైన 9 వాట్ల దీపము వెలుగుటకు 230 వోల్టుల వద్ద సుమారు 40 మిల్లీ ఆంపియర్ల ప్రవాహము కావలెను. దాదాపు అంత స్వల్పమైన విద్యుత్తే మనిషి ప్రాణమునకు ముప్పు తేగలదు.

ఎంత ప్రవాహము పారునో ఓమ్ సూత్రము చెప్పును. వోల్టులను నిరోధముచే భాగించిన ప్రవాహము వచ్చును. పొడి చర్మము విద్యుత్తును బాగుగా అడ్డగించును. దాని నిరోధము అనేక వేల ఓములు ఉండును. చర్మము తడిసినచో శరీరపు నిరోధము సుమారు 1000 ఓములకు దిగజారును. అట్టి చేయి 230 వోల్టుల తీగను తాకినచో 230 మిల్లీ ఆంపియర్లు పారును. ఇది గుండెకు ఆపద కలిగించు ప్రవాహమునకు రెండు రెట్లకు పైగా నుండును. అదే చేయి 12 వోల్టుల తీగను తాకినచో పారునది 12 మిల్లీ ఆంపియర్లు మాత్రమే. ఒకే దిక్కున పారు విద్యుత్తును శరీరము ఇంకను కొంత ఎక్కువగా ఓర్చుకొనగలదు. చేయి పొడిగా నున్నచో ఆ ప్రవాహము తెలియను కూడ తెలియదు. తక్కువ వోల్టులు వాడుట యొక్క లాభము ఇట్లు లెక్కలోనే తేటపడుచున్నది.

ఇచ్చటనే కొందరు పొరబడుదురు. ఒక్కొక్క తెల్ల ఎల్.ఇ.డి.కి సుమారు 3 వోల్టులు, ఎర్రదానికి సుమారు 2 వోల్టులు చాలును. 12 తెల్ల ఎల్.ఇ.డి.లను వరుసగా కలిపినను 36 వోల్టులే కావలెను. “ఇంత తక్కువ వోల్టుల దీపమును తాకిన నేమి?” అని వారు తలంతురు. దీని కుత్తరము దీపములో లేదు, డ్రైవరులో ఉన్నది.

గోడలోని సాకెట్టులో 230 వోల్టుల విద్యుత్తు సెకనునకు 50 మారులు అటునిటు ఊగుచుండును. దానిని తగ్గించి, ఒకే దిక్కున నడిపించి, ఎల్.ఇ.డి.లకు తగిన ప్రవాహముగా అందించు పెట్టెకే డ్రైవరని పేరు. డ్రైవర్లు రెండు విధములు. మొదటి విధమైన దానిలో ట్రాన్స్‌ఫార్మరు ఉండును. అందు రెండు తీగచుట్టలు ఒకదానినొకటి తాకక యుండును. మొదటి చుట్టలోని ప్రవాహము మారినప్పుడెల్ల అయస్కాంత శక్తియు మారును. ఆ మార్పు రెండవ చుట్టలో విద్యుత్తును పుట్టించును. 1831లో మైకేల్ ఫారడే ఇంగ్లండున కనుగొనిన ధర్మమిది. ఏటి ఈవలి గట్టున వేసిన కేక ఆవలి గట్టునకు వినబడును గాని, కేక వేసినవాడు ఏరు దాటి పోడు. అట్లే ఇందు శక్తి దాటును గాని గోడలోని విద్యుత్తు నేరుగా దాటి రాదు. ఇట్టి దానిని ఐసొలేటెడ్ డ్రైవరందురు.

రెండవ విధమైన దానిలో ఈ ఎడబాటు లేదు. గోడనుండి వచ్చిన తీగ, మధ్య కొన్ని భాగముల గుండ సాగి, ఎల్.ఇ.డి.ల వరకు ఎడతెగక వచ్చును. ధర తక్కువ యగుటచే ఇట్టివి అంగళ్లలో విస్తారముగా దొరకును. డ్రైవరును దీపపు రేకుమీదనే అమర్చి “డి.ఓ.బి.” అను పేరున అమ్ము రేకులలో అనేకములు ఈ జాతివే. వీనిలో ఎల్.ఇ.డి. వరుసకు ఈ కొసనుండి ఆ కొసకు 36 వోల్టులే ఉండవచ్చును. కాని ఏ కొసనుండియైనను నేలకు 230 వోల్టులు ఉండవచ్చును. తాటిచెట్టు మొవ్వునందు రెండు కుండలు కట్టినచో కుండకును కుండకును నడుమ దూరము జానెడే. అంతమాత్రమున ఆ కుండ పట్టుతప్పినచో జానెడు దూరమే పడునని ఎవరును అనుకొనరు. మనిషి నిలుచునది నేలమీద. కావున అతని ప్రమాదమును నిర్ణయించునది ఎల్.ఇ.డి. కొసల నడుమనున్న వోల్టులు కావు. తాకిన చోటికిని, నేలకును గల వోల్టులు.

ఈ విధమైన డ్రైవర్లు పూర్తిగా మూసిన ప్లాస్టిక్ బుడ్డిలో, ఎవరి చేతికిని అందకుండ నున్నంతవరకు పనికివచ్చును. విప్పిన రేకుపై, తడిమొక్కల నడుమ, వీనిని ఎన్నడును వాడరాదు. విద్యార్థులు కట్టు దీపమునకు 12 లేక 24 వోల్టుల, మూత విప్పనవసరము లేని, ఐసొలేటెడ్ అని వ్రాసియున్న సిద్ధమైన అడాప్టరే తగినది. పెద్ద దీపముల కొరకు చేసిన కొన్ని డ్రైవర్లు ఐసొలేటెడ్ అయినను 100 వోల్టులకు మించి ఇచ్చును. అవియు చేతితో తాకదగినవి కావు. కావున కొనుటకు ముందు పెట్టెపై వ్రాసిన వోల్టులను చదువుట మొదటి కర్తవ్యము. ప్లగ్గులు, స్విచ్చీలు, తీగలు ఐ.ఎస్.ఐ. గుర్తు గలవై యుండవలెను.

ఇది మొదటి రక్షణము. రెండవది ఎర్తు. దీని విలువ తెలియుటకు ఒక విషాద గాథ తోడ్పడును. మెరుపు విద్యుత్తే యని 1752లో పరీక్షల వలన తేలెను. రష్యా దేశమున సెయింట్ పీటర్స్‌బర్గు నగరములో గియోర్గ్ రిఖ్‌మాన్ అను శాస్త్రజ్ఞుడు మెరుపు బలమును కొలువదలచెను. అతడు ఇంటికప్పుపై లోహపు కడ్డీని నిలిపి, దానినుండి ఒక తీగను గదిలోని పరికరమునకు తెచ్చెను. విద్యుత్తును కొలుచుటకు నిలుపుకొనవలెను గనుక కడ్డీని భూమితో కలుపలేదు. 1753లో ఒకనాడు ఉరుములు వినబడగనే అతడు ఇంటికి పోయి పరికరమును పరిశీలించుచుండెను. అంతలో దానినుండి నిప్పుముద్ద వంటి మెరుపు వెడలి అతని నుదుటికి తాకెను. అతడు అక్కడికక్కడే మరణించెను. భూమికి వేఱు దారి లేని విద్యుత్తు అతని శరీరమునే దారిగా చేసికొనెను. అదే కడ్డీని మంచి తీగతో భూమిలోనికి దింపియున్నచో, ఆ విద్యుత్తులో అధిక భాగము దానిగుండ పోయియుండును. మేడలను కాపాడు పిడుగు కడ్డీలు ఆ విధముగనే పనిచేయును.

మొక్కల దీపమునకును ఈ న్యాయమే వర్తించును. దీపపు అల్యూమినియపు రేకు, దానిని మోయు ఇనుప చట్రము లోహములే. 230 వోల్టుల తీగ దీపము వరకు వచ్చునట్టి అమరికలో ఆ తీగపై తొడుగు చిరిగి చట్రమును తాకినచో, చట్రమంతయు ఫేజు తీగయే యగును. చూచుటకు ఏ మార్పును కనబడదు. దీపము ఎప్పటివలెనే వెలుగును. తాకినవాడు మాత్రము ప్రాణాపాయమున పడును. చట్రమును ఎర్తు తీగతో కలిపియున్నచో, తీగ తాకినంతనే ప్రవాహము వెల్లువగా భూమికి పారి, ఫ్యూజును కాల్చి, విద్యుత్తు ఆగిపోవును. అట్లు దోషము తనను తానే బయటపెట్టుకొనును.

మూడు కాళ్ల ప్లగ్గులో పైనుండు కాలు తక్కిన రెంటికంటె లావుగను, పొడవుగను ఉండుట ఇందుకే. ప్లగ్గును పెట్టునప్పుడు ఎర్తు అన్నిటికంటె ముందు కలియును. తీయునప్పుడు అన్నిటికంటె వెనుక విడును. సాకెట్టులో పట్టలేదని ఆ కాలిని విరుగగొట్టుట, రెండు కాళ్ల ప్లగ్గుతో సరిపుచ్చుకొనుట, తీగలను వట్టిగా సాకెట్టులో దోపి అగ్గిపుల్లలతో బిగించుట – ఇవి పలుచోట్ల కనబడు అలవాట్లు. ఇవి రక్షణమును తమ చేతులతోనే తొలగించుకొనుట యగును.

మూడవ రక్షణము ఫ్యూజు, లేక దానికి బదులుగా వాడబడు ఎం.సి.బి. ఇది చేయు పనిని గూర్చియు ఒక అపోహ గలదు. ఫ్యూజు ముఖ్యముగా తీగను కాపాడును, మనిషిని కాదు. 5 ఆంపియర్ల ఫ్యూజు 5000 మిల్లీ ఆంపియర్లు దాటినగాని కరగదు. గుండె ఆగుటకు అందులో నూరవ వంతు చాలును. తీగను పట్టుకొని మనిషి చనిపోవుచున్నను ఆ ఫ్యూజునకు అది తెలియదు. ఇంటిలో ఫ్యూజు ఉన్నదని ధైర్యము వహించుట తగదు.

మనిషిని కాపాడుటకు ఏర్పడినది నాలుగవ రక్షణము. దీనిని ఆర్.సి.సి.బి. అందురు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన చార్లెస్ డాల్జీల్, ఎంత ప్రవాహము వరకు మనిషి తన పట్టు విడువగలడో జాగ్రత్తగా కొలిచెను. స్వల్పముగా కారిపోవు విద్యుత్తును సైతము కనిపెట్టి ప్రవాహమును తెంచు పరికరము నొకదానిని అతడు 1961లో రూపొందించెను. ఆర్.సి.సి.బి. పనిచేయు విధము ఇట్టిదే. మేకల కాపరి ఉదయము దొడ్డినుండి ఎన్ని మేకలను తోలెనో, సాయంకాలము అన్నియు తిరిగి వచ్చెనో లేదో లెక్కించును. ఒక్కటి తగ్గినను ఎక్కడనో దారి తప్పినదని గ్రహించును. అట్లే ఈ పరికరము ఫేజు తీగలో పోయిన ప్రవాహమును, న్యూట్రల్ తీగలో తిరిగివచ్చిన ప్రవాహమును నిరంతరము పోల్చుచుండును. రెంటికిని 30 మిల్లీ ఆంపియర్ల భేదము వచ్చినచో, కొంత విద్యుత్తు మనిషి గుండనో, తడిమన్ను గుండనో భూమికి పోవుచున్నదని గ్రహించి, సెకనులో మూడవ వంతు గడువకమునుపే విద్యుత్తును తెంచివైచును. దానిపైనున్న పరీక్షా బొత్తామును నెలకొకసారి నొక్కి అది పనిచేయుచున్నదో లేదో చూచుకొనవలెను.

ఇంతటి పరికరమునకును ఒక హద్దు గలదు. ఒకడు ఒక చేత ఫేజు తీగను, వేఱొక చేత న్యూట్రల్ తీగను పట్టుకొనినచో, పోయిన ప్రవాహమంతయు తిరిగి వచ్చును. లెక్క సరిపోవును, పరికరము కదలదు. కావున ఏ ఒక్క రక్షణమును చాలినది కాదు. ఒకటి చేయి విడిచినప్పుడు మఱియొకటి ఆదుకొనవలెను.

అయిదవది నీటిని దూరముగా నుంచుట. డ్రైవరును, సాకెట్టును మొక్కలకు పైగాను ప్రక్కగాను, నీరు చిందని చోట గోడకు అమర్చవలెను. పొడుగుతీగ బోర్డును నేలమీద కుండీల నడుమ ఉంచరాదు. తీగను సాకెట్టునకు నేరుగా పైనుండి దింపరాదు. దానిని మొదట సాకెట్టుకంటె క్రిందికి వ్రేలాడనిచ్చి, ఆ పిదప పైకి తెచ్చి చొప్పింపవలెను. తీగ వెంట జారివచ్చు నీటిబొట్లు ఆ వంపునుండి నేలకు రాలును గాని సాకెట్టులోనికి పోవు. దీపముపై “ఐ.పి. 65” అని వ్రాసియున్నచో అందలి 6 దుమ్ము చొరదనియు, 5 పిచికారీ నీరు హాని చేయదనియు తెలుపును. విప్పిన రేకునకు ఇట్టి రక్షణ లేదు. ఆకులపై నీరు చల్లునప్పుడు ముందుగా ప్లగ్గును తీసివేయుట ఉత్తమము.

విద్యుత్తు తాకుట ఒక్కటే ప్రమాదము కాదు, నిప్పును ప్రమాదమే. వోల్టులను తగ్గించినచో అదే వెలుగునకు ప్రవాహము పెరుగును. 36 వాట్ల దీపము 230 వోల్టుల వద్ద ఆంపియరులో ఆరవ వంతు ప్రవాహమునే తీసికొనును. 12 వోల్టుల వద్ద 3 ఆంపియర్లు తీసికొనును. తీగలో పుట్టు వేడిమి ప్రవాహపు వర్గమును బట్టి పెరుగును. ప్రవాహము రెండింతలైనచో వేడిమి నాలుగింతలగును. వదులుగా మెలివేసిన అతుకులో ఒక ఓము నిరోధమున్నను, 3 ఆంపియర్ల వద్ద 9 వాట్ల వేడిమి ఆ చిన్న చోటనే పుట్టును. ప్రక్కన ఎండుటాకులో, అట్టపెట్టెయో ఉన్నచో నిప్పంటుకొనుటకు ఎంతో సేపు పట్టదు. అందువలన తక్కువ వోల్టుల దీపమునకు లావైన తీగలు వాడవలెను. అతుకులను వట్టిగా మెలివేయక, సోల్డరు చేసియో, మరలు గల కనెక్టరులో బిగించియో, తొడుగు వేయవలెను. డ్రైవరునకును దీపమునకును నడుమ, తీగ మోయగల ప్రవాహమునకు మించని ఫ్యూజును ఉంచవలెను.

ఎల్.ఇ.డి. తాను తీసికొను శక్తినంతయు వెలుగుగా మార్చదు. మిగిలినది వేడిమి యగును. అందుకే దానిని అల్యూమినియపు రేకుపై, ముడుతలు గల హీట్ సింకుపై అమర్తురు. వేడిమి పోవు దారి లేనిచో ఎల్.ఇ.డి. వెలుగు తగ్గి త్వరగా చెడును. తీగల తొడుగులు మెత్తబడి చిరుగును. చిరిగిన తొడుగే పైన చెప్పిన ప్రమాదములకు మూలము. చట్రమును అట్టతోనో, థర్మకోలుతోనో చేయక లోహముతో చేయుట మేలు. మొదటి దినమున దీపమును రెండు గంటలపాటు కనులయెదుటనే వెలిగించి, ఆర్పి, ప్లగ్గు తీసి, ఎక్కడ వేడెక్కినదో పరీక్షింపవలెను. అది నెమ్మదిగా పనిచేయునని తెలిసిన పిమ్మటనే రాత్రివేళ వదలిపెట్టవలెను.

పని చేయునప్పుడు పాటింపవలసిన నియమములు కొన్ని గలవు. స్విచ్చిని ఆర్పుట చాలదు, ప్లగ్గునే తీయవలెను. స్విచ్చి ఒక్క తీగనే తెంచును. తీగలు అమర్చినవారు పొరబాటున దానిని న్యూట్రల్ తీగలో పెట్టియున్నచో, దీపము ఆరినను ఫేజు తీగలో విద్యుత్తు నిలిచియే యుండును. ప్లగ్గు తీసిన తరువాతను డ్రైవరులోని కెపాసిటరులో విద్యుత్తు కొంతకాలము నిలిచియుండును. కావున డ్రైవరు పెట్టెను విద్యార్థులు విప్పనేరాదు. టెస్టరు వెలుగలేదని తీగలో విద్యుత్తు లేదని నమ్మరాదు, టెస్టరే చెడియుండవచ్చును. విద్యుత్తు ఉన్నదని తెలిసిన చోట మొదట దానిని పరీక్షించి, అది సరిగా వెలుగునని తెలిసికొనవలెను. గోడనుండి అడాప్టరు వరకు గల 230 వోల్టుల పని లైసెన్సు గల ఎలక్ట్రీషియను చేయవలసినది. అడాప్టరునుండి దీపము వరకు గల తక్కువ వోల్టుల పని విద్యార్థులు పెద్దల సమక్షమున చేయదగినది.

ఇన్ని చేసినను ప్రమాదము సంభవింపవచ్చును. విద్యుత్తు పట్టినవానిని చూచి ఆత్రుతతో చేయిపట్టి లాగినచో లాగినవాడును దానికే చిక్కును. అట్లు ఒకరిని కాపాడబోయి వేఱొకరు మరణించుట కలదు. మొట్టమొదట మెయిన్ స్విచ్చిని ఆర్పవలెను, లేదా ప్లగ్గును తీయవలెను. ఆ వీలు లేనిచో పొడిచోట నిలిచి, ఎండిన కఱ్ఱతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో ఇంటి తీగను అతనినుండి తొలగింపవలెను. వీధిలోని స్తంభపు తీగల విషయమున ఈ ఉపాయము పనికిరాదు. అక్కడ దూరముగా నిలిచి విద్యుత్తు శాఖవారిని పిలువవలెను. వెంటనే 108కిగాని 112కుగాని ఫోను చేయవలెను. పడినవాడు పలుకక, ఊపిరి సరిగా తీయక యున్నచో, అతనిని వెల్లకిల పరుండబెట్టి, రొమ్ము నడుమ రెండు చేతులు నుంచి, నిమిషమునకు 100 మొదలు 120 మారులు, సుమారు 5 సెంటిమీటర్ల లోతు అదుమవలెను. వైద్యసహాయము వచ్చువరకు దీనిని మానరాదు. లయ తప్పిన గుండెకు బదులుగా రక్తమును మెదడునకు నడిపించునది ఈ అదుములే. ఈ పద్ధతిని శిక్షణ పొందినవారి వద్ద ముందుగానే అభ్యసించుట అందరకును మేలు. విద్యుత్తు వలన నిప్పంటుకొనినచో, విద్యుత్తు ఆగువరకు నీరు పోయరాదు. పొడి ఇసుకనో, పొడి చూర్ణపు అగ్నిమాపకమునో వాడవలెను.

జాగ్రత్తగా ఉండుడని చెప్పుట సులభము. ఎల్లవేళల జాగ్రత్తగా నుండుట ఏ మనిషికిని సాధ్యము కాదు. నిద్రమత్తులో నీరు పోయు ఉదయమొకటి వచ్చును. తీగ చిరిగినదని తెలియక చట్రమును జరుపు దినమొకటి వచ్చును. ఇంటిలోని పసిబిడ్డ వెలుగును చూచి చేయి చాపు క్షణమొకటి వచ్చును. కావున దీపమును కట్టువాడు తన జాగ్రత్తను మాత్రమే నమ్ముకొనరాదు. పొరబాటు జరుగునని ముందే తలంచి, అది జరిగిననాడును ప్రాణము పోకుండునట్లు తక్కువ వోల్టులు, ఎర్తు, ఫ్యూజు, ఆర్.సి.సి.బి., నీటికి దూరము అను అయిదింటిని ఏర్పరచవలెను. వీనికి వ్యయమగు ధనము స్వల్పము. పట్టు కాలము ఒక పూట. అవి పనిచేయు రోజు రాకపోవచ్చును. వచ్చిననాడు మాత్రము, నారుకు నీరు పోయ వచ్చిన బిడ్డ మరల ఇంటిలోనికి నడచిపోవును.